గోడ మంచం: కిందికి తెరుచుకునే తలుపు
(ప్రసంగ పాఠం)

నమస్కారమండీ. వెనక వరుసల్లో వాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. సరే.

నా చేతిలో ఉన్నదేంటో చూస్తున్నారుగా. ఒక చెప్పుల డబ్బా అట్ట, రెండు గుండుసూదులు. ఇది గోడ మంచం నమూనా. అసలు మంచంలో పదో వంతు కొలతలు. తర్వాత మీ చేతికిస్తాను, తిప్పి చూడొచ్చు. దీన్ని చేయడానికి నాకు అరగంట పట్టింది. ఆ అరగంట పని ముందే చేసి ఉంటే నాకు రెండు నెలలు కలిసొచ్చేవి.

నేను వడ్రంగిని కాదు. పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. స్టూళ్లు, పుస్తకాల అరలు లాంటివి సరదాకి చేసుకుంటుంటాను. గోడ మంచం మాత్రం ఒకసారి కట్టి, విప్పి, మళ్లీ కట్టాను. ఆ మొదటిది ఎందుకు విప్పానో చెప్పించడానికే నన్ను ఇక్కడికి పిలిచారని నా అనుమానం. (నవ్వులు)

చోటు లెక్క మీకు తెలిసిందే. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదిలో ఆరుంపావు అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న మంచం వేస్తే నేలలో దాదాపు మూడో వంతు దానికే పోతుంది. మనం పడుకునేది రోజులో మూడో వంతు. మిగతా పదహారు గంటలూ ఆ మంచం మీద బట్టలు పడుకుంటాయి. దాన్ని లేపి గోడలో పెట్టేస్తే బావుంటుందన్న ఆలోచన చిన్న గదిలో ఉండే ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1885లో శారా గూడ్ అనే ఆవిడ షికాగోలో ఫర్నిచర్ దుకాణం నడుపుతూ, మడిస్తే రాసుకునే బల్లలా మారిపోయే మంచానికి అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు. ఆ దేశంలో పేటెంట్ పొందిన మొదటి తరం నల్లజాతి మహిళల్లో ఆవిడ ఒకరు. తర్వాత 1900 ప్రాంతంలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒంటిగది ఇంట్లో ఉంటున్న విలియం మర్ఫీ గోడలోకి లేచే మంచం చేశాడు. పేరంతా ఆయనకే వచ్చింది. ఎంతగా అంటే, 1989లో ఆ పేరు మీద కోర్టులో గొడవ జరిగితే 'మర్ఫీ మంచం' అనేది ఇప్పుడు ఒక కంపెనీ సొత్తు కాదు, ఆ రకం మంచాలన్నిటికీ వాడుకపేరు అయిపోయింది అని తీర్పు వచ్చింది. నాకు ఆయన కథలో నచ్చిన ముక్క వేరే ఉంది. మొదటి మంచానికి ఆయన పాత అల్మారా తలుపునీ, దాని బందుల్నీ వాడాడని చెబుతారు.

తలుపు అన్నానా? నేను రెండోసారి కట్టేటప్పుడు సాయానికి పెట్టుకున్న పెద్ద మేస్త్రి కూడా ఆ మాటే అన్నారు. నా మొదటి మంచం శిథిలాల్ని ఓ చూపు చూసి, "సార్, మీరు మంచం అనుకుని కట్టారు. ఇది తలుపు. పక్కకి కాకుండా కిందికి తెరుచుకునే తలుపు. దాని మీద మనిషి పడుకుంటాడు, అంతే తేడా" అన్నారు. నేను ఈ రోజు మీకు చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకి వివరణ.

మామూలు తలుపు తెరిచినప్పుడు దాని బరువు మనకు తెలియదు. బందులు మోస్తాయి. అదే తలుపుని కింది అంచు దగ్గర బందులు పెట్టి ముందుకి వాల్చారనుకోండి, నిటారుగా ఉన్నంతసేపూ బరువు ఉండదు. వాలుతున్నకొద్దీ పెరుగుతుంది. పూర్తిగా వాలినప్పుడు అత్యధికం. అంటే మంచం దించుతున్నప్పుడు, చేతులు బాగా కిందికి వచ్చి, నడుం వంగి, మనం అన్నిటికంటే బలహీనంగా ఉన్న క్షణంలో అది అన్నిటికంటే బరువుగా ఉంటుంది. దీన్ని మా పుస్తకాల్లో బలభ్రామకం అంటారు, బయట టార్క్ అంటారు. పేరేదైనా నడుం పట్టేసేది ఒకటే.

కొంచెం అంకెల్లోకి వెళ్దాం. నా డబుల్ మంచంలో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, చుట్టూ చట్రం, కాళ్లు కలిపి సుమారు 45 కిలోలు. ఆరంగుళాల ఫోమ్ పరుపు 15 కిలోలు. మొత్తం 60. ఇరుసు, అంటే మంచం తిరిగే చోటు నుంచి గరిమనాభి, అంటే బరువంతా కూడి ఉన్నట్టు లెక్కించే చోటు, 75 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 60ని 9.8తో, మళ్లీ 0.75తో గుణిస్తే 441 న్యూటన్ మీటర్లు. చివర పట్టుకుని లేపాలంటే 26 కిలోల దాకా ఎత్తాలి. ఎత్తగలం. కానీ ప్రతి ఉదయం ఎత్తం. మొదటి వారం సరదాగా ఎత్తుతాం, తర్వాత మంచం అలాగే పరిచి ఉంటుంది, ఇంత కష్టపడీ లాభం లేదు.

చేయి జారితే ఏమవుతుందో కూడా చూడండి. 2 మీటర్ల ఎత్తు నుంచి రాయి వదిలితే నేలను తాకేటప్పటికి సెకనుకు 6.3 మీటర్ల వేగం. అదే 2 మీటర్ల పలకను కింది అంచు దగ్గర బందులతో నిలబెట్టి ముందుకి వాలనిస్తే, దాని పై అంచు నేలను తాకే వేగం సెకనుకు 7.7 మీటర్లు. గంటకు 28 కిలోమీటర్లు. రాయి కంటే ఎక్కువ! పిల్లలకు ఈ లెక్క ఇస్తే తప్పు చేశామనుకుని కొట్టేసి మళ్లీ మొదలెడతారు. తప్పు కాదు. పలక మధ్య భాగం పడుతూ పడుతూ చివరను ముందుకి విసురుతుంది. ఆ చివర కింద ఎవరున్నారన్నది తర్వాతి ప్రశ్న.

భయపెట్టడానికి చెప్పడం లేదు. 2022లో అమెరికాలో లక్షకు పైగా గోడ మంచాలను భద్రతా కారణాలతో వెనక్కి పిలిచారు. గోడకు సరిగ్గా బిగించనివి ఊడి మనుషుల మీద పడ్డాయి. ఒకరు చనిపోయారు కూడా. అవి కార్ఖానాలో తయారైన మంచాలు. మనం ఇంట్లో కట్టేది వాటికంటే జాగ్రత్తగా కట్టాలి తప్ప తక్కువగా కాదు.

అందుకే మొదటిసారి కట్టేవాళ్లకు నా సలహా: నిలువు మంచం వద్దు, అడ్డ మంచం కట్టండి. అంటే తలవైపు బందులు కాకుండా, పొడవు అంచున బందులు. గోడ వెంట అడ్డంగా మూసుకుంటుంది. మూడడుగుల వెడల్పు సింగిల్ మంచమైతే పరుపుతో కలిపి 38 కిలోల దగ్గర ఉంటుంది. గరిమనాభి బందులకు 45 సెంటీమీటర్లే. టార్క్ 168. పైన చెప్పిన డబుల్ మంచంలో సగం కూడా లేదు. పై అంచు మీ ఛాతీ ఎత్తు దాటదు కాబట్టి తల మీద పడే సమస్యే ఉండదు. పైగా దాని మీద అరలు కట్టుకోవచ్చు. గోడ పొడవు ఎక్కువ తినేస్తుంది, నిజమే. ఇద్దరు పడుకోవాలంటే గోడవైపు పడుకున్నవారు రాత్రి లేవాలంటే రెండోవారిని దాటాలి, అదీ నిజమే. అయినా మొదటి మంచానికి ఇదే. నేను అలా చేయలేదు, డబుల్‌తో మొదలెట్టాను. ఆ సంగతే ఇప్పుడు.

బరువుని మోయడానికి గ్యాస్ స్ప్రింగులు పెడతారు. చాలామంది వీటిని హైడ్రాలిక్ అంటారు. కింద సామాను పెట్టుకునే మంచాలకు, కార్ల వెనక డోర్లకు ఉండేవి ఇవే. నిజానికి లోపల ఉండేది ఒత్తిడిలో ఉన్న నైట్రోజన్ వాయువు. నూనె కొద్దిగానే ఉంటుంది, సీలు ఎండిపోకుండానూ, చివర్లో కదలిక నెమ్మదించడానికీ. అందుకే మంచం మూసి ఉన్నప్పుడు సన్నటి కడ్డీ కిందివైపు ఉండేలా బిగించాలి, నూనె సీలు మీదే ఉంటుంది. దాని మీద 600N, 1200N అని రాసి ఉంటుంది. ఎంత బలంతో తోస్తుందో ఆ అంకె. 100 అంటే సుమారు 10 కిలోల తోపుడు.

నేనేం చేశానంటే, ఎందుకైనా మంచిది గట్టిగా ఉండాలని 1500వి రెండు తెచ్చాను. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, లెక్క వేయలేదు. ఎవరికీ చెప్పకండి. (నవ్వులు)

చట్రం సిద్ధమైంది. స్ప్రింగులు బిగించాను. పరుపు ఇంకా రాలేదు. ఆత్రం ఆగదు కదా, ఒకసారి దించి చూద్దామనిపించింది. రాదే! నేనూ మా తమ్ముడూ కలిసి వేలాడితే మెల్లగా దిగింది. "పట్టుకో, కాళ్లు తెరుస్తాను" అని నేను కిందికి వంగాను. వాడికి చెమట పట్టి చెయ్యి జారింది. "అన్నయ్యా" అని అరిచాడు, అంతే. మంచం చివర నా చెవి పక్క నుంచి పైకి వెళ్లి, అది మూసుకునే చెక్క బీరువాలోకి ధడేల్‌మని కొట్టుకుంది. ఇరుసు ప్లేటుకి కొట్టిన స్క్రూలు పక్క పలకలోంచి పెచ్చులతో సహా ఊడొచ్చాయి.

లెక్క ఇప్పుడు వేద్దాం. స్ప్రింగు తోసే గీతకీ ఇరుసుకీ మధ్య దూరం నా మంచంలో 18 సెంటీమీటర్లు. రెండు స్ప్రింగులు, ఒక్కోటి 1500. రెండు ఇంటూ 1500 ఇంటూ 0.18, అంటే 540. పరుపు లేని చట్రం కిందికి లాగేది 331. మిగిలిన 209 ఎటు పోతుంది? మా తమ్ముడి చేతిలోంచి పైకి పోతుంది.

పెద్ద స్క్రూలు వేసి అతుకులు పెట్టి, పరుపు వచ్చాక మళ్లీ బిగించాను. పరుపుతో 441 కదా, స్ప్రింగులు ఇంకా 540. మనం పడుకున్నంతసేపూ మర్యాదగానే ఉండేది. తెల్లవారి నేను లేస్తే నాతోపాటు మంచమూ లేచేది. మెల్లగా, బద్ధకంగా, దుప్పటితో సహా. ఇంట్లోవాళ్లు వారం రోజులు నవ్వుకున్నారు. ఆ తర్వాత అతుకులు మళ్లీ వదులయ్యాయి, విప్పేశాను.

రెండోసారి నేర్చుకున్న పద్ధతి చాలా సులువు. స్ప్రింగులు లేకుండా, పరుపు, దుప్పటి అన్నీ ఎక్కించి మంచాన్ని ఇద్దరు మనుషులతో దించండి. కాళ్లు మడిచి, చివర కింద మనం బరువు చూసుకునే మెషీన్ పెట్టి, మంచం నేలకు సమాంతరంగా ఉండేలా కింద ఇటుకలో పుస్తకాలో సర్దండి. వాటి బరువు తీసేయడం మర్చిపోవద్దు. నాకు 26 చూపించింది. ఇరుసు నుంచి ఆ చోటికి దూరం 1.75 మీటర్లు. 26 ఇంటూ 9.8 ఇంటూ 1.75, దాదాపు 446. మనం కాగితం మీద వేసిన 441కి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఆ 446ని రెండు స్ప్రింగులకీ, 18 సెంటీమీటర్లకీ పంచితే ఒక్కోటి దాదాపు 1239 వస్తుంది. 1200వి తెచ్చుకోవాలి. ఎప్పుడూ లెక్క కంటే ఒక పిసరు తక్కువది తీసుకోండి. దిగాక మంచం కిందే ఉండాలి, లేపేటప్పుడు రెండు వేళ్లకి కాస్త పని ఉండాలి.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. వాయువు కాబట్టి ఎండాకాలం బలం పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 40కి వెళితే దాదాపు 7 శాతం. చలికాలం బిగించి సరిగ్గా సరిపోయిందనుకున్నది ఎండాకాలంలో పైకి లేవడం మొదలెట్టొచ్చు. అందుకే స్ప్రింగు పై చివర బిగించే ప్లేటుకి ఒక రంధ్రం కాకుండా రెండు సెంటీమీటర్ల ఎడంతో మూడు రంధ్రాలు పెట్టుకోండి. ఇరుసుకు దగ్గరగా, దూరంగా జరుపుకుంటే బలం సరిపెట్టుకోవచ్చు. ఆ సిలిండర్‌కి మాత్రం డ్రిల్లు పెట్టడం, వేడి చేయడం, విప్పి చూడడం లాంటివి ఏ పరిస్థితుల్లోనూ వద్దు.

ఇప్పుడు అట్టముక్క దగ్గరికి వద్దాం. ఇరుసు ఎక్కడ పెట్టాలన్నది ఈ పని మొత్తంలో మెదడుకి మేత. మంచం ముందుకి వాలుతుంటే ఇరుసుకి పైన ఉన్న భాగం ముందుకి వస్తుంది, సరే. కింద ఉన్న భాగం? అది వెనక్కి, బీరువాలోకి వెళుతుంది. వెళుతూ దాని మూల నేలను గీసుకోకూడదు, వెనక గోడకు తగలకూడదు. ఈ రెండు షరతులూ తీరితేనే మంచం తిరుగుతుంది.

నా కొలతలు చెబుతాను. ఇరుసు నేలకి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ముందు పలక బయటి ముఖం నుంచి 10 సెంటీమీటర్లు లోపలికి. మంచం వాలినప్పుడు పలక అడుగు భాగం నేలకు ఎంత ఎత్తులో ఉంటుంది? 40లోంచి 10 తీసేస్తే 30. ముందువైపు ఉన్నది తొంభై డిగ్రీలు తిరిగి కిందివైపు అవుతుంది కదా. దాని మీద పలక మందం, పరుపు కలిపితే పడుకునే ఎత్తు 47 వస్తుంది. కుర్చీలో కూర్చున్నంత హాయి. ఇరుసు 10 సెంటీమీటర్లు పైకి జరిపితే పడుకునే ఎత్తు 57 అవుతుంది, పొట్టివాళ్ల కాళ్లు నేలకు అందవు.

ఇక ఇరుసు కింద ఎంత పలక ఉండాలి? బీరువా లోతు 40. ఇరుసు వెనక మిగిలింది 30. కాబట్టి ఇరుసుకు కిందిభాగం 28 దాటకూడదు, నేను 25 పెట్టాను. మిగతా 15 సెంటీమీటర్లు బీరువాకే అంటుకుని కదలని అడుగు పట్టీ. నేను మొదటిసారి ఈ పట్టీ లేకుండా, పలక నేల దాకా అందంగా రావాలని చేశాను. అప్పుడేమైంది? మంచం సగం దిగి ఆగిపోయింది. వెనక పలకకి గుద్దుకుంది. రంపంతో పలక కోసి, గీతలు పడి, రంగు పోయి... ఆదిలోనే హంసపాదు.

అందుకే ఈ అట్ట. పక్క నుంచి కనిపించే రూపం ఒక్కటి చాలు. బీరువా ఒక అట్ట, మంచం ఒక అట్ట, ఇరుసు దగ్గర గుండుసూది. పరుపు మందంతో సహా కత్తిరించండి. సూదిని అటూ ఇటూ జరిపి పొడుచుకుంటూ తిప్పుతూ ఉంటే ఎక్కడ తగులుతోందో కళ్లకే కనిపిస్తుంది. నేను పదకొండు చోట్ల పొడిచాను, చూడండి జల్లెడలా అయింది.

బరువు సంగతి అయింది, తిరగడం అయింది. ఇవన్నీ కలిసి వెళ్లి పడేది గోడ మీద. మంచం దాదాపు పూర్తిగా దిగి, కాళ్లు ఇంకా నేలను తాకకుండా స్ప్రింగుల మీద తేలుతూ ఉన్నప్పుడు దాని బరువంతా బీరువాకు ముందు ఉంటుంది. బీరువా 50 కిలోలు, లోతు 40 సెంటీమీటర్లు. దాన్ని కట్టకపోతే ముందుకి తూలుతుంది, మంచంతో సహా మీ మీదకి. ఎంత బలంతో పట్టి ఉంచాలి? బీరువా పైన, 2.1 మీటర్ల ఎత్తులో గోడకు బిగిస్తే లాగుడు 14 కిలోలే. ఇంతేనా అనిపిస్తుంది. అదే నడుం ఎత్తు కంటే కింద, 70 సెంటీమీటర్ల దగ్గర బిగిస్తే 41. ఇప్పుడు 30 కిలోల పిల్లవాడు ఆడుకుంటూ మంచం చివర వేలాడాడనుకుందాం. పిల్లలు వేలాడతారు, అనుమానం అక్కర్లేదు. పైన బిగిస్తే 37 కిలోలు. కింద బిగిస్తే 112. ఇవి నిలకడగా ఉన్నప్పటి లెక్కలు, ఊగితే ఇంకా పెరుగుతాయి. పైన, వీలైనంత పైన బిగించండి. ఒక్కచోట కాదు, కనీసం నాలుగు చోట్ల.

గోడ ఎలాంటిదో తెలుసుకోకుండా డ్రిల్లు పట్టుకోవద్దు. గట్టి ఇటుకైతే యాంకర్ బోల్టులు బాగా పట్టుకుంటాయి, కానీ పైన ప్లాస్టరింగ్ మందం సెంటీమీటరుకు పైనే ఉంటుంది, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఇటుక లోపల కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి. డ్రిల్లు తిప్పుతుంటే ఎర్రపొడి రావాలి. బూడిద రంగు ఇసుకపొడే వస్తోందంటే ఇటుకల మధ్య సందులో పడ్డారు, పక్కకి జరగండి. లోపల బోలుగా ఉండే దిమ్మెల గోడకి మామూలు యాంకర్ పట్టు దొరకదు, జాలీ గొట్టం పెట్టి రసాయన జిగురు పోసే రకం వాడాలి. జిప్సం బోర్డు గోడైతే బోర్డుకి అస్సలు కాదు, వెనక ఉన్న నిలువు చట్రాన్ని వెతికి దానికే కొట్టాలి. స్విచ్ బోర్డుకి సూటిగా పైనా కిందా డ్రిల్లు పెట్టకండి, లోపల వైర్లు అలాగే నడుస్తుంటాయి.

చెక్క గురించి ఎక్కువ చెప్పను, మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. ఎనిమిదడుగులు, నాలుగడుగుల షీటు ఒక్కోటి 32 కిలోల పైచిలుకు, ఒక్కరే మోయకండి. పార్టికల్ బోర్డు అరలకు పరవాలేదు, ఇరుసు బిగించే పలకకి పనికిరాదు, స్క్రూ నిలవదు. ప్లైవుడ్‌లో కూడా అంచులోకి స్క్రూ కొడితే పొరలు విడిపోతాయి. నేను చేసింది అదే. ఇరుసు ప్లేటుని పలక ముఖానికి పెట్టి, అవతలి దాకా రంధ్రం చేసి, వాషర్లు వేసి నట్టు బోల్టులతో బిగించాలి. ఐదడుగుల వెడల్పు మంచానికి నాలుగడుగుల షీటు చాలదు కాబట్టి ముందు పలకని రెండు ముక్కలుగా నిలువునా జోడించి, వెనక రీపర్లు కొట్టండి. ఆ జోడు దాచడానికి తంటాలు పడక్కర్లేదు. రెండు పిడులు పెడితే బయటికి రెండు తలుపుల బీరువాలా కనిపిస్తుంది.

చట్రం మూలలు కలిపాక టేపుతో ఒక మూల నుంచి ఎదురు మూలకి, మళ్లీ రెండో జత మూలలకి కొలవండి. రెండూ ఒకటే రావాలి. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా బల్లకైతే ఎవరికీ తెలియదు. ఇక్కడ పక్కల్లో సందు ఒక్కోవైపు 5 మిల్లీమీటర్లే, ఆ తేడా ఉంటే బీరువాని గీసుకుంటూ దిగుతుంది. గోడ కూడా మట్టంగా ఉందనుకోకండి. రసమట్టం పెట్టి చూసి, బీరువా వెనక సన్నటి చెక్కలు దూర్చి నిలువు సరిచేశాకే యాంకర్లు బిగించాలి.

కాళ్లు వాటంతటవే తెరుచుకునేవి అందంగా ఉంటాయి. సగమే తెరుచుకుంటే మాత్రం మనిషి కూర్చోగానే మడుచుకుపోతాయి. తెరిచాక టక్కున పడే గడియ ఉన్నవి తీసుకోండి. మూసినప్పుడు పైన కూడా గడియ ఉండాలి, పిల్లల చేతికి అందని ఎత్తులో. స్ప్రింగులు పట్టి ఉంచుతాయి కదా అని వదిలేయొద్దు.

పరుపు జారకుండా కాళ్లవైపు ఒక వెడల్పాటి బెల్టు, తలవైపు ఒక ఆపు పలక పెట్టండి. పరుపు బరువు, మందం ముందే నిర్ణయించుకోండి. ఫోమ్ పరుపుకు బదులు తర్వాత ఎప్పుడో కొబ్బరిపీచు పరుపు కొంటే బరువు దాదాపు రెట్టింపవుతుంది, స్ప్రింగుల లెక్క మొత్తం మారిపోతుంది. ఇంకో విషయం, లేవగానే మూసేయకండి. రాత్రంతా పట్టిన చెమట తడి పరుపులోనే ఉండిపోయి, గాలి ఆడని బీరువాలో బూజు పడుతుంది. కిటికీ తెరిచి కాసేపు ఆరనిచ్చి లేపండి. పరుపు కింద పలకకి మూడు సెంటీమీటర్ల రంధ్రాలు ఓ ముప్పై వేస్తే బరువూ కాస్త తగ్గుతుంది, గాలీ ఆడుతుంది. బయటికి రంధ్రాలు కనిపిస్తాయనుకుంటే ముందు పలకని అలాగే ఉంచి, లోపల బద్దల మీద పరుపు వేయండి.

ప్రశ్నలు అడగండి. అమ్మా, మీరు చెప్పండి.

(సభలోంచి ఒకరు: అద్దె ఇల్లండీ, గోడకి రంధ్రాలు వేయనివ్వరు. బిగించకుండా కట్టే దారి లేదా?)

లేదమ్మా. బీరువా అడుగున ఇసుకబస్తాలు పెట్టేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. పిల్లవాడు వేలాడే లెక్క ఇందాకే చూశాం కదా. గోడ దొరకని చోట ఎత్తైన చెక్క గట్టు కట్టి, పైన బల్ల కుర్చీ వేసుకుని, దాని కింద నుంచి చక్రాల మీద లాగే మంచం చేసుకోండి. చోటు అంతే కలిసొస్తుంది, పడే వస్తువేమీ ఉండదు.

(ఇంకొకరు: స్ప్రింగులు ఎన్నాళ్లుంటాయి సార్?)

ఒకేసారి చచ్చిపోవు. గ్యాస్ మెల్లగా తగ్గుతూ ఉంటుంది. దించేటప్పుడు మంచం బరువుగా వస్తోందనిపిస్తే అదే గుర్తు. కడ్డీ మీద నూనె జిడ్డు కనిపించినా అదే. ఒకటి పోతే రెండూ మార్చండి, లేకపోతే మంచం మెలి తిరుగుతుంది. మార్చేది మాత్రం మంచం పూర్తిగా లేచి, గడియ పడి ఉన్నప్పుడే. అప్పుడు స్ప్రింగు పూర్తిగా సాగి ఉంటుంది, తోపుడు మిగిలినా చేతికి లొంగుతుంది. మంచం దిగి ఉన్నప్పుడు విప్పారంటే మా తమ్ముడి కథ మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

(మరొకరు: ముందు పలకకే మడత బల్ల కూడా పెట్టొచ్చా?)

పెట్టొచ్చు. కానీ ఆ బల్ల ఓ 12 కిలోలుంటే అది మంచం బరువులో కలుస్తుంది, పైగా ఇరుసుకి ఎంత దూరంలో పెట్టారన్న దాన్ని బట్టి మెషీన్ మీద అంకె మారుతుంది. బల్ల బిగించాకే తూకం వేయండి, అంతే. మంచం దిగుతుంటే బల్ల కిందికి మడుచుకునే చోటు ఉందో లేదో, అది మళ్లీ అట్టముక్క పని.

సరే, ఇదిగో, ముందు వరుస నుంచి పంపిస్తున్నాను. నీలం పెన్నుతో చుట్టిన రంధ్రంలో సూది పెడితే సరిగ్గా తిరుగుతుంది. ఎర్ర చుట్టు ఉన్నది నా మొదటి మంచం, దాన్నీ తిప్పి చూడండి, ఎక్కడ గుద్దుకుంటుందో తెలుస్తుంది. వెనక వరుసకి వెళ్లేలోపు సూది పారేయకండి, ఇంకోటి తేలేదు.